రౌడీషీటర్ అంటే ఎవరు? తిట్టు మాట పోలీసు రిజిస్టర్ ఎక్కిన వైనం

జిల్లా పేజీలు రోజూ చదివేవాళ్లకు "రౌడీషీటర్ దారుణ హత్య" అనే హెడ్డింగ్ కొత్త కాదు. చనిపోయిన మనిషి పేరు రెండో వాక్యంలో వస్తుంది. చంపిందెవరో, ఎందుకు చంపారో అప్పటికింకా తేలి ఉండదు. కానీ హెడ్డింగ్‌లో ఉన్న ఆ ఒక్క మాటతోనే చదివేవాళ్లు సగం తీర్పు చెప్పేసుకుంటారు. అతనికి ఎప్పుడైనా శిక్ష పడిందా, ఎన్ని కేసులు కొట్టేశారు, షీట్ (పోలీసు స్టేషన్‌లో అతని పేరిట ఉంచే నిఘా రికార్డు) ఎప్పుడు తెరిచారు అని అడిగేవాళ్లు చాలా తక్కువ.

ఇంతకీ రౌడీషీటర్ అంటే ఎవరు? శిక్ష పడినవాడా, కేసులు నడుస్తున్నవాడా, పోలీసులకు అనుమానం ఉన్నవాడా? నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. అది వాళ్ల తప్పు కాదు. భారతీయ శిక్షాస్మృతిలో రౌడీ అనే మాటకు నిర్వచనం లేదు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ లేదు. రౌడీగా ఉండటం అనేది మన దేశంలో ఒక నేరమే కాదు. అయినా ఆ ముద్ర పడితే ఏళ్ల తరబడి పోలీసులు ఇంటి తలుపు తడతారు. ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు మాట దగ్గరే మొదలుపెట్టాలి.

రౌడీ తెలుగు మాట కాదు, సంస్కృతం నుంచి వచ్చిందీ కాదు. రౌద్రం, రౌడీ దగ్గర దగ్గరగా వినిపించడం యాదృచ్ఛికమే. ఇది అమెరికన్ ఇంగ్లీషు. 1800ల తొలి దశకాల్లో, కొత్తగా జనం స్థిరపడుతున్న అడవి అంచు ప్రాంతాల్లో కొట్లాటలకు దిగే మొరటు మనుషులను అక్కడివాళ్లు అలా పిలిచారు. గొడవ, గోల అనే అర్థంలో ఇంగ్లీషులో ఉన్న 'రో' అనే వాడుక మాట నుంచి పుట్టి ఉండవచ్చని నిఘంటుకారుల అంచనా. తరవాత ఇంగ్లీషులో ఈ మాట మెత్తబడింది. ఇవాళ లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఎవరినైనా రౌడీ అంటే అల్లరి చేస్తున్నారు, గోల చేస్తున్నారు అని మాత్రమే. పిల్లల పుట్టినరోజు పార్టీకి కూడా ఆ విశేషణం తగిలిస్తారు.

దక్షిణ భారతంలో మాత్రం అది విశేషణంగా మిగల్లేదు, మనిషికి పేరైపోయింది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నాలుగింటిలోనూ రౌడీ అంటే ఒక రకం మనిషి. ఉత్తరాదిలో అదే చోట గూండా ఉంటుంది. బ్రిటిష్ హయాంలో పోలీసు స్టేషన్ల, కోర్టుల ఇంగ్లీషు మన ఊళ్లలోకి దిగినప్పుడు ఇలాంటి మాటలు చాలానే వచ్చి చేరాయి. "వాడు పెద్ద కేడీ" అంటాం కదా, ఆ కేడీ కూడా పోలీసు పొడి అక్షరాలే. నోన్ డిప్రెడేటర్, అంటే దోపిడీలకు పేరుపడ్డవాడు, అని రిజిస్టర్‌లో రాసుకునే మాటకు కే.డీ. అని కుదింపు. మోసగాణ్ని ఫోర్‌ట్వంటీ అనడం శిక్షాస్మృతి 420వ సెక్షన్ నుంచి వచ్చింది. కొత్త సంహితలో మోసం 318వ సెక్షన్‌లోకి మారిపోయినా, జనం నోట్లో ఫోర్‌ట్వంటీ ఇంకా అలాగే ఉంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఫోర్‌ట్వంటీ వెనక ఒక పని ఉంది: మోసం చేసి ఆస్తి రాబట్టడం. ఆ పని చేశాడని రుజువు చేయాలి, చేయలేకపోతే కేసు పోతుంది. రౌడీ వెనక ఫలానా పని అంటూ లేదు, ఒక మనిషే ఉన్నాడు. నా దృష్టిలో మొత్తం సమస్య ఇక్కడే ఉంది.

చట్టం ఇలాంటి వాడుక మాటలను దగ్గరకు తీసుకున్న సందర్భాలు ఇంకా ఉన్నాయి. హిందీ నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన డెకాయిట్‌నే తీసుకోండి. మనం బందిపోటు అంటాం. 1860 శిక్షాస్మృతి దానికి గట్టి గీత గీసింది: ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి దోపిడీ చేస్తేనే అది డెకాయిటీ. నలుగురైతే కాదు. గీత ఎక్కడుందో పోలీసుకూ తెలుసు, ముద్దాయికీ తెలుసు, జడ్జికీ తెలుసు.

థగ్ కథ వేరు. దాచడం, కప్పడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చిన మాట ఇది. బాటసారులతో కలిసి నడిచి, నమ్మించి చంపి దోచుకునే ముఠాల పేరుతో ఈస్టిండియా కంపెనీ 1836లో ఒక చట్టం చేసింది. ఫలానా హత్య చేశాడని రుజువు చేయాల్సిన పని లేదు. థగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు, యావజ్జీవం. తరవాత శిక్షాస్మృతి 310వ సెక్షన్‌లోనూ థగ్ అంటే ఎవరో రాశారు: హత్యతో కూడిన దోపిడీలకు, పిల్లల్ని ఎత్తుకుపోవడానికి ఇతరులతో 'అలవాటుగా' చేతులు కలిపినవాడు. దానికి శిక్ష 311వ సెక్షన్‌లో. ఈ రెండు సెక్షన్లూ నూట అరవై ఏళ్లకు పైగా పుస్తకంలో ఉండి, కొత్త సంహిత వచ్చాక పోయాయి. 'అలవాటుగా' అన్న ఆ చిన్న మాటను గుర్తుపెట్టుకోండి. అది రౌడీషీట్‌లో కూడా ఉంది.

గూండా అనే మాట ఎక్కడిదన్న దానిపై ఒక కథ ప్రచారంలో ఉంది. 1910లో బస్తర్‌లో జరిగిన భూంకాల్ తిరుగుబాటు నాయకుడు గుండా ధుర్ పేరును బ్రిటిష్‌వాళ్లు తిట్టుగా మార్చారని చెబుతారు. వినడానికి బాధ కలిగించే కథ. కానీ పేరూ మాటా ఒకేలా ఉండటం తప్ప దానికి గట్టి ఆధారం కనిపించదు. చట్టంలోకి ఆ మాట ఎక్కింది మాత్రం నిజం. బెంగాల్‌లో 1923లోనే గూండాల చట్టం వచ్చింది. సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్‌లో 1946లో ఇంకొకటి వచ్చింది. దీని ప్రకారం ఒకణ్ని గూండా అని తేల్చి జిల్లా నుంచి వెళ్లగొట్టవచ్చు. గూండా అంటే ఎవరు? పోకిరి, మొరటువాడు, దేశదిమ్మరి, ఇంకా ప్రజల ప్రశాంతతకు ప్రమాదకరమైనవాడు కూడా అని రాశారు. అంటే ఒక తిట్టుకు ఇంకో మూడు తిట్లు అర్థంగా చెప్పారు. 1960లో బల్‌దేవ్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని కొట్టేసింది. ఎవరు గూండాయో తేల్చడానికి ఈ నిర్వచనం ఏ మాత్రం సాయపడదని, ఆ మనిషికి తాను గూండా కాదని చెప్పుకునే అవకాశమూ సరిగ్గా ఇవ్వలేదని చెప్పింది. తిట్టు మాట మీద చట్టం కడితే ఏమవుతుందో ఇంత స్పష్టంగా చూపించిన తీర్పు నాకు ఇంకొకటి కనిపించదు.

తెలుగు రాష్ట్రాల్లో గూండా అనే మాట పీడీ యాక్ట్‌లో ఉంది. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఈ ముందస్తు నిర్బంధ చట్టం గూండాను కాస్త జాగ్రత్తగా నిర్వచించింది. ఒంటరిగా గానీ, ముఠా సభ్యుడిగా గానీ, నాయకుడిగా గానీ, శరీరం మీద దాడులు, ఆస్తి నేరాలు, బెదిరింపులకు సంబంధించిన అధ్యాయాల్లోని నేరాలను అలవాటుగా చేసేవాడు గూండా. మళ్లీ అదే 'అలవాటుగా'. ఈ చట్టం కింద విచారణ లేకుండా ఏడాది వరకు జైల్లో పెట్టవచ్చు. అయితే ప్రజా జీవనానికే భంగం కలిగే పరిస్థితి ఉండాలి. మామూలు శాంతిభద్రతల సమస్య సరిపోదు. తెలంగాణలో ఈ గీతను పదే పదే దాటుతున్నారని సుప్రీంకోర్టు 2021 నుంచి వరసగా అంటూనే ఉంది. 2024 మార్చిలో, గొలుసు దొంగతనాల కేసుల్లో పట్టుబడ్డ ఒక వ్యక్తి నిర్బంధాన్ని కొట్టేస్తూ అదే మాట చెప్పింది. అవి నేరాలే, వాటికి మామూలు చట్టం ఉంది, బెయిల్ వద్దనుకుంటే రద్దు చేయమని అడగండి అన్నది దాని సారాంశం.

గూండాకు కనీసం శాసనసభ చేసిన చట్టం ఉంది. మన రౌడీకి అదీ లేదు.

రౌడీషీట్‌కు ఆధారం పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లలోని 601వ ఆర్డర్. పోలీసు శాఖ తన సిబ్బందికి ఇచ్చుకున్న నియమావళి అది. దాని ప్రకారం షీట్ తెరవదగ్గవాళ్లు చాలా రకాలు. శాంతికి భంగం కలిగించే నేరాలు అలవాటుగా చేసేవాళ్లు, మంచి ప్రవర్తనకు బైండోవర్ అయినవాళ్లు (అంటే మేజిస్ట్రేట్ ముందు పూచీకత్తు రాసిచ్చినవాళ్లు), ఆడపిల్లలను అలవాటుగా ఏడిపించేవాళ్లు, దుకాణాల దగ్గర మామూళ్లు దండుకునేవాళ్లు, కుల మతాల పేరుతో అల్లర్లు రెచ్చగొట్టేవాళ్లు, పీడీ యాక్ట్ కింద ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ లోపల ఉన్నవాళ్లు, ఎన్నికల్లో రిగ్గింగ్ చేసి బ్యాలెట్ పెట్టెలు ఎత్తుకుపోయి శిక్ష పడినవాళ్లు. వీటిలో కొన్నింటికి శిక్షో కోర్టు ఉత్తర్వో కావాలి. మొదటి రకానికి మాత్రం శిక్ష అవసరం లేదు, 'అలవాటు' ఉంటే చాలు. స్టేషన్ ఎస్‌ఐ ప్రతిపాదిస్తాడు, పై అధికారి ఉత్తర్వు ఇస్తాడు. కోర్టు గడప తొక్కే పని లేదు.

ఆ షీట్‌లో ఉండేవి చూస్తే అది ఒక మనిషి బతుకు మొత్తానికి తీసిన నకలని అర్థమవుతుంది. ఫొటో, తల్లిదండ్రుల పేర్లు, భార్యాపిల్లలు, బంధువులు, స్నేహితులు, తిరిగే చోట్లు, చేసే పని, పాత కేసులు, ఏ రోజు ఏ కానిస్టేబుల్ వెళ్లి చూసొచ్చాడన్న నోట్. ఒక స్టేషన్ పరిధిలో ఉంటూ ఇంకో స్టేషన్ పరిధిలో తిరుగుతుంటే అక్కడ కూడా షీట్ పెట్టవచ్చు. వినాయక నిమజ్జనం వచ్చినా, ఎన్నికల నోటిఫికేషన్ పడినా స్టేషన్‌కు పిలుస్తారు. దీన్నే కౌన్సెలింగ్ అంటారు. తహసీల్దార్ దగ్గరికి తీసుకెళ్లి బైండోవర్ చేస్తారు. కమిషనరేట్లలో అయితే ఆ అధికారం పోలీసు అధికారుల చేతిలోనే ఉంటుంది. రాత్రి గస్తీ కానిస్టేబుల్ ఇంటికొచ్చి "ఉన్నాడా?" అని అడిగితే పక్కింటివాళ్లు కిటికీ తెరుస్తారు. అద్దె ఇల్లయితే మరుసటి నెల ఖాళీ చేయమంటారు. పెళ్లీడుకొచ్చిన కూతురున్న ఇంట్లో ఈ టెన్షన్ ఎలా ఉంటుందో విడిగా చెప్పక్కర్లేదు.

నిఘా ఎందుకు అవసరమో కూడా ఒప్పుకోవాలి. మామూళ్లు ఇవ్వలేక దుకాణం మూసుకున్న చిన్న వ్యాపారి, కాలేజీ దారిలో రోజూ వేధింపులు పడే అమ్మాయి, సాక్షులు భయపడి వెనక్కి తగ్గితే కేసు వీగిపోయిన బాధితులు, వీళ్లందరికీ ఆ బీటు కానిస్టేబుల్ రాకే కాస్త ధైర్యం. పదే పదే దాడులు చేసేవాడి మీద కన్నేసి ఉంచడం పోలీసు పని. దాన్ని ఏ కోర్టూ కాదనలేదు. కోర్టులు అడిగింది ఒక్కటే: ఎవరి మీద, ఏ ఆధారంతో, ఎంతవరకు?

'ఎవరి మీద' అన్నదానికి జవాబు 'అలవాటుగా' అనే మాటలో ఉంది. 1966లో ధన్జీరామ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు అలవాటు నేరస్తుడంటే మళ్లీ మళ్లీ నేరం చేయడం వల్ల అది స్వభావంగా మారినవాడని చెప్పింది. ఆ నమ్మకానికి సరైన కారణం ఉంటేనే హిస్టరీ షీట్ (రౌడీషీట్ లాంటి నిఘా రికార్డు) తెరవాలంది. 1984లో విజయ్ నారాయణ్ సింగ్ కేసులో ఇంకాస్త స్పష్టంగా చెప్పింది. అలవాటుగా అంటే పదే పదే, ఒకే తరహాలో, ఒకదానికొకటి సంబంధమున్న పనులు. ఒక్క ఘటనతో అలవాటు ఏర్పడదు. దీన్ని పట్టుకుని మన హైకోర్టు ఎన్నో రౌడీషీట్లను కొట్టేసింది. పొలం గట్టు తగాదాలో ఒక కేసు, ఎన్నికల రోజు గొడవలో ఒక కేసు, ఆ రెండింటినీ కలిపి షీట్ తెరిస్తే అది అలవాటు అవుతుందా అన్నదే ఇలాంటి ప్రతి పిటిషన్‌లోనూ తేలాల్సిన ప్రశ్న. ఊళ్లో రెండు పార్టీలున్న చోట, అధికారం మారగానే ఎదుటివర్గం మీద షీట్లు తెరుస్తారన్న ఆరోపణ రెండు రాష్ట్రాల్లోనూ పాతదే. నిర్వచనం వదులుగా ఉంటే అలాంటి వాడకానికి తలుపు తెరిచి పెట్టినట్టే.

'ఎంతవరకు' అన్న ప్రశ్నకు 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మొదటి జవాబు. ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా పేరుతో అర్ధరాత్రి ఇంటికి వెళ్లి లేపడం చెల్లదని ఆ తీర్పు చెప్పింది. అయితే గోప్యత ప్రాథమిక హక్కని అప్పుడు ఒప్పుకోలేదు. 1980లో మలక్ సింగ్ కేసులో అదే కోర్టు నిఘా గుట్టుగా జరగాలని, మనిషి స్వేచ్ఛను, పరువును నలిపేసేలా ఉండకూడదని చెప్పింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చాక లెక్క మారిపోయింది. ఆ హక్కును తగ్గించాలంటే చట్టం ఉండాలి. మరి స్టాండింగ్ ఆర్డర్ చట్టమేనా?

2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం కాదని చెప్పింది. చట్టం లేకుండా స్టాండింగ్ ఆర్డర్ల ఆధారంగా రౌడీషీట్లు తెరవడం, కొనసాగించడం, ఇళ్లకు వెళ్లడం, స్టేషన్‌కు రమ్మనడం చెల్లవని తీర్పు ఇచ్చింది. ఆ వ్యవస్థ మాత్రం ఆగలేదు. రెండు రాష్ట్రాల్లోనూ రౌడీషీట్లు నడుస్తూనే ఉన్నాయి.

చట్టం చేయడం కష్టమా? కేరళ చేసింది. 2007లో తెచ్చిన సంఘ వ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టంలో 'నోన్ రౌడీ' (పేరుపడ్డ రౌడీ) అనే మాటకు లెక్క పెట్టి మరీ నిర్వచనం రాశారు. గత 7 ఏళ్లలోని ఘటనలే చూడాలి. తీవ్రమైన నేరమైతే ఒకసారి శిక్ష పడి ఉండాలి, దానికంటే తక్కువదైతే రెండుసార్లు. శిక్ష లేకపోతే, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు వేర్వేరు ఘటనల్లో దర్యాప్తులో నేరం తేలి ఉండాలి, అదీ పోలీసులు కానివాళ్లు ఇచ్చిన ఫిర్యాదుల మీద. ఆ చివరి షరతు విలువ చెప్పనలవి కాదు. పోలీసే ఫిర్యాదు రాసి, పోలీసే దర్యాప్తు చేసి, పోలీసే రౌడీ అని తేల్చే దారి అక్కడ మూసుకుపోయింది. ఆ చట్టం కూడా ముందస్తు నిర్బంధానికే వాడతారు, దాని మీదా విమర్శలున్నాయి. అయినా గీత ఎక్కడుందో కాగితం మీద కనిపిస్తుంది.

మనిషిని పనితో కాక పేరుతో కొలిస్తే ఎంత దూరం పోతుందో తెలుగు నేలకు బాగా తెలుసు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే నేరస్తులుగా రాసేశారు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం అలా సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో మొదలైన సెటిల్‌మెంట్. ఉన్న చోటు వదిలి వెళ్లాలంటే అనుమతి కావాలి, హాజరు పలకాలి. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. కానీ దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్తుల చట్టాలు తెచ్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌ది 1962 నాటిది. కులం పేరు తీసేసి అదే చోట 'అలవాటు' రాశారు. ఆ ఊళ్లో పుట్టి చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఈ రోజుకీ ఊరి పేరు చెప్పడానికి తటపటాయిస్తారంటే, చట్టం పోయిన 70 ఏళ్ల తరవాత కూడా మాట ఎలా పట్టుకుని ఉంటుందో చూడండి.

సుప్రీంకోర్టు 2024 మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో ఈ చరిత్రనే గుర్తు చేసింది. హిస్టరీ షీట్ పోలీసుల అంతర్గత పత్రమే గానీ బయటపెట్టేది కాదని, నేరంతో సంబంధం లేని మైనర్ పిల్లల వివరాలు అందులో రాయకూడదని చెప్పింది. వెనుకబడిన వర్గాలవాళ్ల మీద, డీనోటిఫైడ్ తెగలవాళ్ల (ఆ పాత క్రిమినల్ ట్రైబ్స్ జాబితా నుంచి తొలగించినవాళ్ల) మీద యాంత్రికంగా షీట్లు తెరుస్తున్నారేమో అన్ని రాష్ట్రాలూ చూసుకోవాలని, పైస్థాయి అధికారి అప్పుడప్పుడూ తనిఖీ చేయాలని సూచించింది. అంతర్గత పత్రం అన్న మాటను పత్రికలవాళ్లు కూడా ఒకసారి ఆలోచించాలి. స్టేషన్ అల్మరాలో ఉండాల్సిన ముద్ర రోజూ మన హెడ్డింగ్‌లలో అచ్చవుతోంది.

ఇక షీట్ ఉన్నవాళ్లకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ పనికొచ్చే విషయాలు కొన్ని. రౌడీషీట్ అనేది శిక్ష కాదు, నేర నిర్ధారణ కాదు. పాస్‌పోర్ట్ చట్టంలో నిరాకరణకు కారణాలుగా గతంలో పడిన శిక్షలు, నడుస్తున్న కేసులు ఉన్నాయి తప్ప రౌడీషీట్ అనే కారణం లేదు. షీట్ జీవితాంతం ఉండాలనీ లేదు. 602వ ఆర్డర్ ప్రకారం దాన్ని ఆ ఏడాది డిసెంబరు ఆఖరు వరకే ఉంచి, కొనసాగించాలంటే గెజిటెడ్ అధికారి ఉత్తర్వు తీసుకోవాలి. అలాంటి ఉత్తర్వు లేకుండా ఏళ్ల తరబడి నడుస్తున్న షీట్లను హైకోర్టులు తప్పుపట్టాయి. కేసులన్నీ కొట్టేసినంత మాత్రాన షీట్ దానంతట అదే మూతపడదు. అడగాలి. కోర్టు తీర్పుల నకళ్లు జతచేసి జిల్లా ఎస్పీకి, కమిషనరేట్ అయితే డీసీపీకి అర్జీ పెట్టి, అందినట్టు రసీదు తీసుకోవాలి. జవాబు రాకపోయినా, కాదన్నా, ఆ రసీదుతో 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. అప్పుడు షీట్ ఎందుకు తెరిచారో, ప్రతి ఏడాదీ ఏ ఉత్తర్వుతో కొనసాగించారో పోలీసులే కాగితాలతో చూపించాల్సి వస్తుంది.